పేరు దొరగారిది, పరిమళం కలాబ్రియాది

లండన్‌లో స్ట్రాండ్ వీధి 216వ నంబరు దుకాణం వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు తరచూ దాన్ని దాటిపోతారు. పెద్ద పెద్ద భవనాల నడుమ ఇరుక్కున్నట్టుగా ఒక సన్నటి గుమ్మం. గుమ్మం పైన బంగారు రంగు సింహం, దానికి చెరో పక్క చైనా దుస్తుల్లో కూర్చున్న మనుషుల బొమ్మలు. థామస్ ట్వైనింగ్ 1706లో ఇక్కడే కాఫీ హౌస్ కొని, కాఫీతో పాటు టీ అమ్మడం మొదలుపెట్టాడు. మూడు వందల ఏళ్లు దాటినా చోటు మారలేదు. వీధికి అవతలి పక్క రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్, నల్లకోట్ల లాయర్లు, ఎర్ర బస్సులు. ఇవతల మాత్రం తలుపు తీయగానే తేయాకు వాసన.

నేను వెళ్లింది ఎర్ల్ గ్రే కోసం. బ్లాక్ టీ ఆకుకి బెర్గమాట్ అనే పండు తొక్కలోంచి తీసిన సుగంధ తైలం పట్టించి చేసే టీ అది. ఏ విమానంలోనో, హోటల్ గదిలోనో చిన్న సంచీలో దొరికే ఈ టీని మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. పాలు పోసి ఒక గుక్క తాగి, ఇదేదో సబ్బు వాసన వస్తోందని పక్కన పెట్టేసినవాళ్లూ నాకు తెలుసు. వాళ్ల తప్పేమీ లేదు. సరిగ్గా చేసింది వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు, అంతే.

మాది అనంతపురం జిల్లా. మా నాన్నగారికి బత్తాయి తోట ఉండేది. నిమ్మ జాతి పండ్ల తొక్కలు, ఆకులు, పూత, వీటి వాసనల మధ్యే పెరిగాం. అందుకేనేమో, మొదటిసారి ఈ టీ ఆవిరి ముక్కుకి తగిలినప్పుడు దబ్బకాయ తొక్కని గోటితో గిల్లినట్టే అనిపించింది. కానీ దబ్బకాయ అక్కడితో ఆగుతుంది. ఇందులో ఆ ఘాటు సర్దుకున్నాక వెనకాలే ఒక పువ్వు వాసన నెమ్మదిగా వచ్చి కూర్చుంటుంది. ఆ రెండోది ఏమిటో, ఎక్కణ్ణించి వస్తుందో తెలుసుకోవాలని చాలా ఏళ్లుగా ఉండేది. మా మేనల్లుడు న్యూకాసిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఏడు శీతాకాలం మొదట్లో వాడి దగ్గరికి వెళ్లినప్పుడు, "టీ పేరున్న దొరగారి ఊరూ చూద్దాం, పండు కాసే ఊరూ చూద్దాం" అన్నాను. వాడు సంతోషంగా సెలవు పెట్టేశాడు.

ముందు లండన్ సంగతి ముగిస్తాను. ఆ దుకాణం వెడల్పు చాలా తక్కువ, పొడవెక్కువ. గోడల మీద ట్వైనింగ్ వంశీకుల చిత్రపటాలు. చివర్లో టీ రుచి చూపించే బల్ల. బల్ల వెనక ఉన్న అమ్మాయి నీళ్లు మరిగించి, పొంగు దిగాక ఆకు మీద పోసి, మూడు నిమిషాలకి ఆకు వడగట్టేసింది. రాగి రంగు డికాషన్. "ముందు వాసన చూడండి, తర్వాత చప్పుడు చేస్తూ జుర్రుకోండి, మర్యాద గురించి ఆలోచించకండి" అంది. టీ రుచి చూసి ధర కట్టేవాళ్లంతా అలాగే జుర్రుతారట. గుక్కతో పాటు గాలి కూడా లోపలికి పోతే, వాసన గొంతు వెనకనించి ముక్కులోకి ఎక్కుతుంది. నాలుక చెప్పేది పులుపు, తీపి, చేదు, ఒగరు లాంటివే. మిగిలిందంతా ముక్కు పని.

జుర్రాను. మొదట చురుక్కుమనే తొక్క వాసన. ఆ వెంటనే పువ్వు. ఆ తర్వాత నాలుక అంచుల మీద ఆకు ఒగరు. మింగేశాక గొంతులో సన్నగా, తొక్క కొరికినప్పటి చేదు. ఒకే గుక్కలో ఇవన్నీ వరసగా, ఒకదాన్నొకటి తోసుకోకుండా వచ్చాయి. మా మేనల్లుడు తన కప్పు పట్టుకుని, "పాలు అడగనా అత్తా?" అన్నాడు. వద్దన్నాను. పాలంటే నాకు విరోధం లేదు. ఇంట్లో పొద్దున లేస్తే అల్లం దంచి వేసిన పాల టీయే తాగుతాను. కానీ పాలలోని మాంసకృత్తులు తేయాకు ఒగరుని పట్టి మెత్తబరుస్తాయి, పాలలోని కొవ్వు సుగంధ తైలాన్ని తనలో ఇముడ్చుకుని బయటికి రానివ్వదు. ఒగరు పోయి, వాసన అణిగితే ఈ టీలో ఇంక మిగిలేదేముంది? పక్కన అదే కంపెనీ 1990ల్లో తెచ్చిన లేడీ గ్రే కూడా రుచి చూపించారు. అందులో నారింజ, నిమ్మ తొక్కలు కూడా కలుస్తాయి. తేలిగ్గా, హాయిగా ఉంది. కానీ నా మనసు మొదటి కప్పు మీదే ఉండిపోయింది.

ఆ రాత్రి మేం దిగిన ఇంట్లో కుళాయి నీళ్లతో అదే ఆకు కాస్తే, కప్పు పైన జిడ్డులాంటి పొర కట్టింది. లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ. సుద్ద రాళ్ల పొరల్లోంచి వచ్చే నీళ్లు. ఆ సున్నం తేయాకులోని పదార్థాలతో కలిసి పైకి తేలుతుంది. వాసన కూడా మందగించింది. మర్నాడు న్యూకాసిల్‌లో వాడి ఇంట్లో అదే పొట్లం, అదే కొలత. పొర లేదు, వాసన విచ్చుకుంది. అక్కడి నీళ్లు లండన్ నీళ్లకంటే చాలా మెతక. నీళ్ల మాట ఊరికే ఎత్తలేదు. గ్రే దొరగారి కథ మొదలయ్యేది నీళ్లలోని సున్నం దగ్గరే.

న్యూకాసిల్ నడిబొడ్డున ఎత్తైన రాతి స్తంభం మీద నిలబడి ఉంటాడాయన. చార్ల్స్ గ్రే, రెండో ఎర్ల్ గ్రే. 1838లో నిలిపిన స్తంభం అది, నలభై మీటర్ల ఎత్తు. 1830 నించి 1834 దాకా బ్రిటన్ ప్రధాని. ఓటు హక్కుని విస్తరించిన 1832 సంస్కరణ చట్టం ఆయన హయాంలోదే. బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టమూ ఆయన ప్రభుత్వానిదే. స్తంభం కట్టింది వీటికోసం, టీ కోసం కాదు. అయితే టీతో ఆయనకి నిజమైన సంబంధం ఒకటుంది, పొట్లాల మీద ఎవరూ రాయనిది. చైనాతో వర్తకం మీద ఈస్టిండియా కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం తొలగిపోయింది కూడా ఆయన ప్రభుత్వం తెచ్చిన 1833 చట్టంతోనే. అప్పటిదాకా బ్రిటన్‌లో సక్రమంగా దిగే టీ అంతా ఒకే కంపెనీ చేతుల మీదుగా రావాలి. ఆ తర్వాత ఎవరైనా ఓడ పంపి తెచ్చుకోవచ్చు. మచిలీపట్నం నించి మద్రాసు దాకా మన తీరమంతా ఏలుబడి చేసిన కంపెనీ అది. దాని మెడలోంచి ఒక హారం తీయించిన మనిషి ఈయన. ఆ స్తంభం కింద నిలబడి, ఈయన పేరు టీకి పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం ఇంకేం కావాలి అనుకున్నాను.

కానీ హోవిక్‌లో చెప్పే కథ వేరు. న్యూకాసిల్‌కి ఉత్తరంగా, సముద్రానికి దగ్గర్లో ఉంది హోవిక్ హాల్, గ్రే కుటుంబం భవనం. మేం వెళ్లేసరికి నవంబరు మొదలు. ప్రపంచంలోని అడవుల్లోంచి సేకరించిన విత్తనాలతో పెంచిన చెట్లున్న పెద్ద తోట, ఎర్రగా పసుపుగా ఆకులు రాల్చుకుంటోంది. అక్కడి టీ గదిలో కూర్చుంటే కథ బల్ల దగ్గరికే వస్తుంది: ఈ ఊరి బావి నీళ్లలో సున్నం రుచి ఎక్కువట. దాన్ని కప్పిపుచ్చడానికి ఒక చైనా మాండరిన్, అంటే ప్రభుత్వాధికారి, బెర్గమాట్ వేసి ప్రత్యేకంగా ఒక టీ మిశ్రమం చేసిచ్చాడట. గ్రే భార్య లండన్‌లో విందులకి అదే పోయించిందట. అందరికీ నచ్చి, బజార్లో అమ్మకానికి అడిగారట. పేరుని ఎవరూ రిజిస్టరు చేయించుకోలేదు కాబట్టి ఆ కుటుంబానికి దానిమీద ఒక్క పెన్నీ రాలేదట.

ముచ్చటైన కథ. నమ్మడం మాత్రం కష్టం. గ్రే ఎన్నడూ చైనా వెళ్లలేదు. ఆ రోజుల్లో చైనాలో టీకి మల్లె, గులాబీ లాంటి పూల వాసన పట్టించేవాళ్లు గానీ, బెర్గమాట్ నూనె పట్టించడం అక్కడి అలవాటు కాదు. బ్రిటన్‌లో టీలో బెర్గమాట్ కలపడం గురించి 1820ల నించే ప్రస్తావనలున్నాయి. అవి కూడా పొగుడుతూ రాసినవి కావు. నాసిరకం ఆకుని మేలురకంగా చూపించడానికి వేసే మాయగా రాశారు. 1837లో ఒక కంపెనీ మీద, టీకి బెర్గమాట్ వాసన పట్టించి అమ్ముతోందన్న ఆరోపణ వచ్చింది. దొరగారు చనిపోయింది 1845లో. ఆయన పేరుతో ఈ టీ ప్రకటనలు లండన్ జెర్మిన్ స్ట్రీట్ దుకాణం నించి కనిపించేది 1880ల్లో. అంటే ఆయన ఈ టీ తాగాడో లేదో చెప్పగలిగినవాళ్లు లేరు.

నాకు ఆ చరిత్ర వినగానే చిన్నబుచ్చుకోవాలనిపించలేదు. మోసానికి వాడిన వాసన, మెల్లగా తన కాళ్లమీద తాను నిలబడి, మంచి ఆకుకి జతగా ఎదిగిందంటే ఆ వాసనలో ఎంత సత్తా ఉండాలి! దొరగారి సమాధి ఆ ఆవరణలోని చర్చిలోనే ఉంది. చూసి, దండం పెట్టుకుని, అడవి దారిలో సముద్రం దాకా నడిచాం. గాలి ముఖాన్ని కోస్తోంది. "కథ అబద్ధమే అయితే మరి అసలు మనిషెవరు అత్తా?" అన్నాడు మా వాడు. "మనుషులు, ఒక్కరు కాదు. వాళ్ల దగ్గరికే వెళ్తున్నాం" అన్నాను.

నెలాఖరుకి ఇటలీ, పండు కాసే కలాబ్రియా ప్రాంతం. లమేజియా నించి రైలు దక్షిణంగా పోతుంటే కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు కొండలు. షిల్లా అనే చోట కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. గ్రీకు పురాణాల్లో ఓడల్లోని నావికులని లాక్కుని తినే రాక్షసి ఉన్నది అక్కడేనంటారు. విల్లా సాన్ జొవాన్ని దాటాక జలసంధికి అవతల సిసిలీ ఎంత దగ్గరగా కనిపిస్తుందంటే, ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున పలుకుతారేమో అనిపిస్తుంది. రెజ్జో కలాబ్రియాలో దిగాం. 1908 డిసెంబరు 28 భూకంపంలో ఈ ఊరు, ఎదుటి గట్టున మెస్సీనా నేలమట్టమయ్యాయి. అందుకే వీధులన్నీ గీత గీసినట్టు కొత్తగా ఉంటాయి. సముద్రం వెంట నడక దారి, ఎండ బాగుంటే దూరంగా ఎట్నా అగ్నిపర్వతం. మ్యూజియంలో, 1972లో రియాచె దగ్గర సముద్రంలో దొరికిన రెండు కంచు విగ్రహాలున్నాయి. ఆ పూటంతా వాటి ముందే నిలబడిపోవచ్చు. మేం ఒక గంట నిలబడి బెర్గమాట్ మ్యూజియానికి వెళ్లాం.

ఈ పండు సంగతి అక్కడ దశలు దశలుగా తెలుస్తుంది. బెర్గమాట్ అడవిలో పుట్టిన చెట్టు కాదు. పుల్ల నారింజకీ నిమ్మకీ పుట్టిన సంకరం. 1750లో నికోలా పరీజి అనే ఆయన రెజ్జోలో తొలి తోట వేశాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1844లో నికోలా బారిల్లా తొక్క నూనె తీసే యంత్రం కనిపెట్టాడు. దాన్ని కలాబ్రియా యంత్రం అంటారు. అంతకు ముందు, ఆ తర్వాత కూడా చాలాకాలం చేత్తోనే తీసేవాళ్లు. ఈ నూనెని మొదట కోరుకున్నది టీ వర్తకులు కాదు, అత్తరు వర్తకులు. జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా కుటుంబం 1709లో మొదలుపెట్టిన దుకాణం నించే ఓ డి కొలోన్ ప్రపంచమంతా పాకింది. దానికి ప్రాణం బెర్గమాట్ వాసనే. మన ఇళ్లలో పెళ్లిళ్లప్పుడు చల్లే కొలోన్ నీళ్లలో నా చిన్నప్పుడే ఈ పరిమళం నాకు తగిలి ఉంటుందని అక్కడ గాజు సీసాల ముందు నిలబడితే తట్టింది.

మర్నాడు అయోనియన్ తీరం వెంట పోయే చిన్న రైలెక్కాం. విల్లా సాన్ జొవాన్ని నించి జొయోజా దాకా సుమారు 150 కిలోమీటర్ల సన్నటి తీరం. ప్రపంచంలోని బెర్గమాట్‌లో ఎనభై శాతానికి పైగా ఈ పట్టీలోనే కాస్తుంది. వేరే దేశాల్లోనూ వేశారు, చెట్టు పెరుగుతుంది, కాయ కాస్తుంది, ఆ నూనె నాణ్యత మాత్రం రాదంటారు ఇక్కడివాళ్లు. వెనక అస్ప్రొమోంటె పర్వతాలు ఉత్తరపు చలిగాలిని ఆపుతాయి. ముందు సముద్రం వేడిని, చలిని రెండింటినీ మట్టంగా ఉంచుతుంది. మంచు పడితే చెట్టు తట్టుకోదు, వడగాలి కొట్టినా తట్టుకోదు. ఇక్కడి నూనెకి 2001లో యూరోపియన్ యూనియన్ ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది, మన బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే.

కొండొఫూరి దగ్గర దిగి, అమెందొలేయా ఏటి వెంట లోపలికి వెళ్లాం. ఏరంటే నీళ్లు కావు. అర కిలోమీటరు వెడల్పున తెల్లటి గులకరాళ్లు, ఎక్కడో ఒక మూల సన్నటి పాయ. పెన్నా, చిత్రావతి చూసి పెరిగిన కళ్లకి కొత్తేమీ కాదు. వానాకాలంలో ఒక్క రాత్రిలో ఉరికి, తెల్లారేసరికి రాళ్లు మిగిల్చి పోయే ఏరు. ఆ ఏటి గట్టునే తోట. ఈ కొండల మీద గల్లిచ్చానో లాంటి పల్లెల్లో ఈనాటికీ గ్రీకు మాట్లాడే ముసలివాళ్లు ఉన్నారు. వేల ఏళ్ల కిందట గ్రీకులు వచ్చి స్థిరపడిన తీరం ఇది.

తోట యజమాని ముసలాయన. ఆయన మనవడికి ఇంగ్లిషు వచ్చు. మాటలన్నీ ఆ కుర్రాడి నోట, మా మేనల్లుడి నోట తిరిగి నా దగ్గరికి వచ్చేవి. చెట్లు మూడు నాలుగు మీటర్లకి మించవు, గుబురుగా, కొమ్మలు నేలకి వంగి. ఆకు మన నారింజాకే. కాయ నారింజంత, అడుగున చిన్న మొన. నవంబరులో ఇంకా ఆకుపచ్చగా ఉంటుంది. ఫిబ్రవరికి పసుపు తిరుగుతుంది. నేను వంగి చెట్టు మొదట్లో అంటు కట్టిన చోటు వెతికాను. కనబడింది. ముసలాయన చూసి నవ్వి ఏదో అన్నాడు. "మీకు తోటలున్నాయా అని అడుగుతున్నారు" అన్నాడు మనవడు. మా ఊళ్లో బత్తాయిని జంబేరి వేరు మీద అంటు కడతామని చెప్పాను. ఇక్కడ పుల్ల నారింజ వేరు మీద కడతారట. దాంతో ఆయనకి నేను చూడవచ్చిన మనిషిని కాకుండా తోటి రైతుబిడ్డనైపోయాను. ఏ రకం ఎంత కాస్తుంది, నీళ్లు ఎన్నాళ్లకోసారి పెడతారు, కాయతొలుచు పురుగు వస్తుందా, ఒక గంట ఆ మాటలే. ఫెమ్మినెల్లో, కస్తన్యారో, ఫంతాస్తికో అని మూడు రకాలు. ఫంతాస్తికోదే ఇప్పుడు ఎక్కువ పాలు. కోతంతా చేత్తోనే, కత్తిరతో తొడిమ కోసి పెట్టెల్లో వేయడం. కాయ జారి కింద పడితే తొక్కలోని నూనె తిత్తులు చితికిపోతాయి, అది నష్టమే.

ఎంత కాయకి ఎంత నూనె అని అడిగాను. సుమారు రెండు వందల కిలోల కాయకి ఒక కిలో నూనె. అంటే నూట యాభై గ్రాముల కాయలోంచి ముప్పావు గ్రాము. కోత మొదట్లో తీసిన నూనె ఆకుపచ్చగా ఉంటుంది, రాను రాను పసుపు, గోధుమ రంగు. అత్తరులవాళ్లు, టీ వాళ్లు ఎక్కువగా ఇష్టపడేది ఆ పచ్చటిదే. ఇప్పుడు ఫ్యాక్టరీలో యంత్రం కాయ పైతొక్కని నీళ్ల ధార కింద గీరుతుంది, నూనె నీళ్లని వేరు చేస్తుంది. "మా నాన్న కాలంలో ఇలా" అంటూ ముసలాయన లోపల్నించి ఒక మట్టి గిన్నె, ఒక సముద్రపు స్పంజి తెచ్చాడు.

కాయని అడ్డంగా కోశాడు. చెంచాలాంటి కత్తితో గుజ్జంతా ఒక్క తిప్పులో ఊడబెరికాడు. మిగిలిన తొక్క దొన్నెని స్పంజికి అదిమి, మణికట్టు తిప్పుతూ నొక్కాడు. తొక్క విరగలేదు, ఊరికే ఒంగింది. మళ్లీ ఇంకో చోట. మళ్లీ. స్పంజి తడిసి రంగు మారాక గిన్నె అంచుమీద పిండాడు. తెల్లటి మడ్డి నీళ్లలాంటివి చుక్కలుగా పడ్డాయి. కొంచెం సేపటికి అందులోంచి ఆకుపచ్చటి పొర పైకి తేలింది. ఆయన వేలి కొసతో ఆ పొరని తాకి నా అరచేతి వెనక రాశాడు. ఆ వరండా అంతా వాసనతో నిండింది. ఆ తర్వాత కొవ్వొత్తి వెలిగించి, తొక్క ముక్కని మంట దగ్గర మడిచాడు. చిటపటమని నిప్పురవ్వలు. నూనె ఎంత సన్నటి తుంపరగా చిమ్ముతుందో కంటికి కనిపించింది. చేతికి రాసిన చోట ఎండ తగలకుండా కడుక్కోమని ఆ ఇంటి కోడలు హెచ్చరించింది. ఈ నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంది, ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. రోజుకి నాలుగు లీటర్ల దాకా ఎర్ల్ గ్రే తాగిన ఒక ఆస్ట్రియా మనిషికి కండరాలు పట్టేశాయని, మామూలు టీకి మారగానే తగ్గిపోయిందని 2002లో లాన్సెట్ పత్రికలో వైద్యులు రాశారు, దానికీ కారణం ఈ పదార్థమేనన్నారు. రెండు కప్పులు తాగేవాళ్లకి భయం లేదు.

నేను వెతుకుతున్న రెండో వాసన సంగతీ ఇక్కడే తేలింది. బెర్గమాట్ నూనెలో నిమ్మ జాతికి మామూలైన లిమోనీన్ తో పాటు లినలూల్, లినలైల్ ఎసిటేట్ అనేవి పుష్కలంగా ఉంటాయి. లావెండర్ పువ్వులో ఉండేవీ ఇవే. లినలూల్ మన ధనియాల్లోనూ ముఖ్యమైన పరిమళం. అంతకంటే నాకు ఆనందం కలిగించింది ఏమిటంటే, ఆ లినలూల్ తేయాకులోనే సహజంగా ఉంటుంది. మంచి డార్జిలింగ్, మంచి సిలోన్ ఆకులో వచ్చే పూల వాసనలో దానికి పెద్ద వాటా ఉంది. అంటే ఈ పండూ ఆ ఆకూ వేల మైళ్ల దూరంలో పుట్టి, ఒకే పరిమళాన్ని చెరి కొంత దాచుకుని ఉన్నాయి. అందుకే అవి కలిస్తే అతికించినట్టు ఉండదు. అన్నంలో రాయిలా ఇంకే పండు వాసనైనా టీలో పంటికింద తగులుతుంది గానీ ఇది తగలదు.

నా సంచీలో శ్రీలంక డింబులా ఆకు, వాసనేమీ పట్టించనిది, కొంచెం ఉంది. న్యూకాసిల్‌లో కొన్న ఎర్ల్ గ్రే పొట్లం ఒకటి ఉంది. ఇక్కడే కాద్దామా అన్నాను. వంటింట్లో కెటిల్ లేదు, కాఫీ కాచే మోకా పాత్ర ఉంది. గిన్నెలో నీళ్లు మరిగించాం. ఒక కప్పులో ఉత్త డింబులా. ఇంకో కప్పులో అదే డికాషన్, పైన ఇప్పుడే కోసిన తొక్క ముక్కని మడిచి చిమ్మితే ఉపరితలం మీద మెరిసే చిన్న చిన్న చుక్కలు. మూడోది పొట్లంలోది. ముసలాయన అనుమానంగా చూశాడు. "ఇక్కడ టీ జ్వరమొచ్చినవాళ్లకే ఇస్తాం సిన్యోరా" అన్నాడు. ఎనభై ఏళ్లుగా ఈ నూనెని ప్రపంచానికి పంపిన ఇంట్లో, అది కలిసిన టీని ఎవరూ తాగి ఎరగరు.

తాజా తొక్క చిమ్మిన కప్పు మొదటి గుక్కకి మూడింటిలోనూ గొప్పది. అంత వెలుగు, అంత పచ్చిదనం ఏ పొట్లంలోనూ దొరకదు. కానీ నాలుగో గుక్కకి వాసన ఆవిరితో పాటే వెళ్లిపోయింది, అడుగున తొక్క చేదు మిగిలింది. పొట్లంలోది మొదట కొంచెం మొద్దుగా అనిపించినా ఆఖరి చుక్క దాకా నిలిచింది. ఆకు ఎండాక తిరిగే పీపాలో వేసి నూనె చిలకరిస్తారు. ఆకు దాన్ని పీల్చుకుని, వేడి నీళ్లు తగిలినప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. కలపడం కూడా ఒక విద్యే అని ఆ రెండు కప్పులు పక్కపక్కన పెట్టుకుంటే ఒప్పుకోవాల్సొచ్చింది. ముసలాయన మూడూ రుచి చూసి, ఉత్త డింబులా కప్పుని పక్కకి నెట్టి, పొట్లంలోది తన వైపు లాక్కున్నాడు.

తర్వాత ఆ పొట్లం చేతిలోకి తీసుకుని మనవడిచేత చదివించాడు. ముందువైపు దొరగారి పేరు. వెనకవైపు చిన్న అక్షరాల్లో బ్లాక్ టీ, బెర్గమాట్ ఫ్లేవరింగ్. అంతే. కలాబ్రియా అన్న మాట లేదు. అసలు నూనె వేశారో, ప్రయోగశాలలో చేసిన వాసన వేశారో కూడా దాన్నిబట్టి చెప్పలేం. కృత్రిమ వాసనలు చౌకగా వచ్చాక గడిచిన శతాబ్దంలో ఈ తీరంలో తోటలు కొట్టేసినవాళ్లు చాలామంది. నూనెలో కల్తీని పట్టే పని కూడా చేసే పరిశోధనశాల ఒకటి రెజ్జోలో 1918 నించి ఉంది. ముసలాయన కోపగించుకోలేదు. మా బత్తాయి లారీ ఎక్కి ఢిల్లీ చేరాక ఏ ఊరి పండో ఎవరికీ పట్టనట్టే ఇదీ అనుకుని, నాకే కష్టంగా అనిపించింది. ఎర్ల్ గ్రే కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: వెనకవైపు చదవండి. బెర్గమాట్ నూనె అని స్పష్టంగా రాసి ఉన్నది తీసుకోండి, కలాబ్రియా పేరు ఉంటే ఇంకా మంచిది. ధర కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ ఎక్కువ ఎవరి చేతికి చేరాలో నేను చూసొచ్చాను.

"ఈ ఆకు కోత ఎప్పుడు?" అని అడిగాడాయన, డింబులా గురించి. అక్కడ ఏడాది పొడుగునా కోస్తారని, రెండాకులూ మొగ్గా గిల్లుతారని, మేలైన ఆకు మాత్రం జనవరి నించి మార్చి దాకా వచ్చేదేనని చెప్పాను. ఆయన వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. నవంబరు, డిసెంబరు పచ్చ నూనె. ఫిబ్రవరి ఆకు. "అయితే మా డిసెంబరు నూనెని వాళ్ల ఫిబ్రవరి ఆకుమీద వెయ్యాలి" అన్నాడు గట్టిగా, ఎవరో ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు. మనవడు అది ఫోనులో రాసుకున్నాడు. వచ్చే ఏడాది ఇక్కడి చిన్న రైతులు కొందరు కలిసి సొంతంగా టీ పొట్లాలు వేసే ఆలోచనలో ఉన్నారట. శ్రీలంక ఆకు ఎవరి దగ్గర కొనాలి, ఎలా అడగాలి అని మా మేనల్లుణ్ణి పట్టుకున్నాడు. వాళ్లిద్దరూ రైలు వేళ దాకా ఆ లెక్కల్లోనే ఉన్నారు.